బస్టాండు గొంతు

ఇరవై రెండేళ్లుగా ఆ బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే గొంతు ఆమెది. ఆమె మొహం ఎరిగినవాళ్లు పదిమంది ఉండరు, గొంతు ఎరగనివాళ్లు ఒక్కరూ ఉండరు. పదకొండు రోజులుగా ఆ గొంతుకు పని లేదు. టికెట్ ధర రెట్టింపు చేశారని జనం బస్టాండు ముందు కూడలిలో బైఠాయించారు.

పోలీసులు వాళ్ల మైకులు లాక్కుపోయారు. అయితేనేం? ఒకరు మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్లు అదే మాట ఒక్కపెట్టున అరిచి వెనక్కి అందిస్తున్నారు.

మొదటి వరసలో ఆమె తల్లి ఉంది. డెబ్బై ఏళ్లు, వద్దంటే వినే రకం కాదు. "నువ్వు జీతానికి అరుస్తావు, నేను ఊరికే అరుస్తా. అంతేగా తేడా!" అంటూ పసుపు శాలువా కప్పుకుని పొద్దున్నే వచ్చేసింది.

మధ్యాహ్నం మేనేజరు మేడమీది ఆమె గదిలోకి ఒక కాగితం తెచ్చి మైకు ముందు పెట్టాడు. "చదవండమ్మా. మీ గొంతైతే జనం నమ్ముతారు."

పది నిమిషాల్లో కూడలి ఖాళీ చేయాలి, లేకపోతే లాఠీలు లేస్తాయి, అదీ అందులో ఉన్నది. కిటికీలోంచి చూస్తే కూడలికి అటు చివర పోలీసు హెల్మెట్లు అప్పటికే వరసకట్టాయి. కళ్లజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే చిన్న డబ్బా తగిలింది. తల్లి చెవి మిషన్! నిన్న బాగు చేయించి, ఇవ్వడం మరిచిపోయింది. మతిమరుపుకైనా ఒక హద్దుండాలి కదా! అది లేకపోతే తల్లికి పక్కన పిడుగు పడ్డా వినపడదు.

చదివింది. గొంతు వణకలేదు, అలవాటు అలాంటిది. కింద కొందరు లేచారు. పసుపు శాలువా మాత్రం పక్కవాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎన్నిసార్లు నవ్వుకుందో. ఇప్పుడు ఏడుపొచ్చింది.

"మళ్లీ చదవండి," అన్నాడు మేనేజరు.

ఆమె కాగితం పక్కన పెట్టింది. "ముందు వరసలో పసుపు శాలువా ఆవిడకి చెవులు వినపడవు. ఆవిడ మా అమ్మ. ఎవరైనా ఇంటికి పంపించండి, మీకు పుణ్యముంటుంది."

మేనేజరు ఠపీమని స్విచ్చి కట్టేశాడు. "ఉద్యోగం వద్దా మీకు?"

కింద ఒకమ్మాయి అట్టముక్క మీద ఆ మాటే రాసి ముసలావిడకు చూపించింది. ఆవిడ చదివి, లేచి నిలబడింది. హమ్మయ్య అనుకుంది కూతురు. కానీ తల్లి కిటికీ వైపు తిరిగి ఏదో అంది. మరుక్షణం కూడలి కూడలంతా అరిచింది:

"అమ్మాయీ! పైనుంచి చెబితే నాకెలా వినపడుతుంది? కిందికొచ్చి చెప్పు!"

గడువుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి. మేనేజరు ఏదో అంటున్నాడు. ఆమె డబ్బా గుప్పిట్లో పట్టుకుని పరుగున మెట్లు దిగింది. జనం దారిచ్చారు. మిషన్ తల్లి చెవికి పెట్టింది.

"ఇప్పుడు చెప్పు," అంది తల్లి.

ఇంటికి పోదాం రా అనడానికే వచ్చింది. చుట్టూ అందరూ ఆమె మాటను వెనక్కి అందించడానికి నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఎవరో కాగితం మీద రాసిచ్చింది కాకుండా తన మాట కోసం జనం ఇలా ఎదురుచూడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

"కొంచెం జరుగమ్మా," అంది.

"కొంచెం జరుగమ్మా!" అని వేల గొంతులు అరిచాయి. చిట్టచివరి వరస దాకా జనం తలా కాస్త జరిగారు. ఆమె తల్లి పక్కన కూర్చుని శాలువా కొస గట్టిగా పట్టుకుంది. అటు చివర హెల్మెట్లు కదిలాయి.