చెంచులక్ష్మి మడమ, పెంచలయ్య చెక్ ట్రే

పెంచలయ్యకి గొంతు తగ్గించడం తెలీదు. రొయ్యల గుంట గట్టు మీద నిలబడి ఆయన ఫోన్‌లో మాట్లాడుతుంటే, ఈ మనిషికి ఫోన్ దండగ అని అవతలి గట్టు వాళ్లు నవ్వుకుంటారు. ఆ గొంతులో సగం రొయ్యల రేట్లకి పోతుంది, మిగతా సగం కూతురు చెంచులక్ష్మి బాస్కెట్‌బాల్‌కి. పదిహేడేళ్ల పిల్ల, అయిదడుగుల పదంగుళాలు. తోటపల్లి గూడూరులో అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే మాట: "పెళ్లిలో మొదటి బంతి నాది, ఆటలో ప్రతి బంతీ నా కూతురిది. మా వంశంలో మడమ తిప్పినోళ్లు లేరబ్బా!"

ఆ మాటకి కుళ్లుకున్నట్టు మడమే తిరగబడింది.

పోయిన సెప్టెంబరులో, నెల్లూరులో కాలేజీల పోటీ. బోర్డుకి తగిలి వెనక్కొస్తున్న బంతి కోసం చెంచులక్ష్మి ఎగరబోయింది. టప్‌మంది. వెనకనించి ఎవరో తన్నినట్టయి, "ఎవురే నన్ను తన్నింది?" అని కోపంగా తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. అప్పుడు కూలబడింది.

"టెండన్ పూర్తిగా తెగిందండీ" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

"టెన్ డన్ అయి ఏడాది దాటింది సార్, ఇప్పుడు ఇంటరు" అన్నాడు పెంచలయ్య. భయమేస్తే ఆయన నోట్లోంచి ముందు జోకే వస్తుంది. డాక్టరు నవ్వలేదు. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడులాంటిది తెగిందని, ఆపరేషన్ చేసి కుట్టాలని, కుట్టినాక కోలుకోడానికి దాదాపు ఏడాదని చెప్పాడు. ఆ తర్వాత పెంచలయ్య కూడా నవ్వలేదు.

ఆపరేషనైన కొన్ని వారాలకి ఫిజియోథెరపిస్టు ఫరీన్ దగ్గరికి పంపించారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు.

"అక్కా, నేను మళ్లీ ఆడతానా?" అని అడిగింది చెంచులక్ష్మి.

"తొందరపడకపోతే ఆడతావు. రెండోసారి తెగిందనుకో, నిన్ను నడిపించగలను గానీ ఎగిరించలేను."

ఫరీన్ పెంచలయ్య వైపు తిరిగింది. "ఈరోజు చేయించిన పని ఎక్కువైందో లేదో ఈరోజే తెలీదు పెంచలయ్యగారూ. రేపు పొద్దున మంచం దిగి మొదటి పది అడుగులు వేసినప్పుడు తెలుస్తుంది. నొప్పి లేకపోతే కొంచెం పెంచుతాం. ఉంటే తగ్గిస్తాం."

పెంచలయ్య కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. "అమ్మా, ఇది చెక్ ట్రే కదమ్మా!"

ఫరీన్ బిత్తరపోయింది. ఆయన చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. గుంటలో మేత చల్లినప్పుడే గుప్పెడు మేత వల పళ్లెంలో వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి లాగుతారు. పళ్లెం ఖాళీగా వస్తే రొయ్యలు శుభ్రంగా తిన్నట్టు, రేపు మేత కాస్త పెంచొచ్చు. మిగిలి వస్తే తగ్గించాలి. మిగిలింది చూసి కూడా పోసుకుంటూ పోతే అది అడుగున కుళ్లి, గుంట గుంటే పోతుంది.

"రొయ్యకి మేత, మడమకి మోత, రెంటికీ ఒకటే కొలత! ఇరవై ఏళ్లుగా నా పని ఇదేనమ్మా!"

మరునాటి నుంచి పొద్దున ఆరింటికి పెంచలయ్య గుంట పక్కనే ఉన్న తన ఇంటి మేడ మెట్ల కింద హాజరు. పైగదిలోంచి కూతురు ఒక్కో మెట్టూ దిగుతుంటే కిందినుంచి కేక: "ట్రే ఏమంటుండాదిమే?"

"ఖాళీ నాయనా!" అంటే ఆ రోజు కొంచెం ఎక్కువ. "కొంచెం మిగిలింది" అంటే ఆ రోజు తక్కువ. అలాగే మడమని ఎత్తి ఉంచడానికి బూటులో పెట్టిన ముక్కలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. చంక కర్రలు మూలకి చేరాయి. తల్లి మస్తానమ్మ అడుగూడిన మేత బకెట్టుని గోడకి కట్టిస్తే, చెంచులక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోజుకి రెండొందల సార్లు బంతి వేసేది. "బంతిని బుట్టలో పడెయ్, నువ్వు మాత్రం తొందర బుట్టలో పడబాక" అని పెంచలయ్య గట్టు మీదనించే అరిచేవాడు. కుట్టిన కాలి మీద ఒంటికాలితో మునివేళ్ల మీదికి మొదటిసారి లేచిన రోజు, ఆ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

ఎనిమిదో నెలలో కోచ్ జడ్సన్ ఫోన్ చేశాడు. జూలై చివర్న నెల్లూరులో టోర్నమెంటు ఉందని, చెంచులక్ష్మి కాసేపైనా ఆడగలదేమో చూడమని. ఆ ఫోన్ తర్వాత మూడు రోజులూ మడమ మహా బుద్ధిమంతురాలైపోయింది. "ఖాళీ నాయనా." "ఖాళీ నాయనా." "అసలేం లేదు నాయనా."

నాలుగో రోజు పెంచలయ్య గుంట దగ్గర్నించి పావుగంట ముందే వచ్చాడు. కూతురు గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగుతోంది. తండ్రిని చూసి ఆగిపోయింది.

"ట్రే దులిపినావు కదామే."

ఆ పిల్లకి విడమరచి చెప్పనక్కర్లేదు. ట్రే పైకి లాగేముందు నీళ్లలోనే ఒక్క ఊపు ఊపితే మిగిలిన మేత జారిపోతుంది. పళ్లెం కడిగినట్టు వస్తుంది. చూసేవాడికి సంతోషం.

చెంచులక్ష్మి మెట్టు మీదే కూర్చుని ఏడ్చింది. మడమ ఉబ్బి ఉంది. పెంచలయ్య పక్కన కూర్చున్నాడు.

"నా మొదటి పంటకి నేనూ దులిపినాను" అన్నాడు. "ఎవుర్ని మోసం చేయాలనిమే? గుంట నాది, మేత నాది, చూసే కళ్లూ నాయే. బాగుండాదని చూసుకోవాలనిపించింది, అంతే. నలభై రోజులకి రొయ్యలన్నీ తెల్లగా తేలినాయి."

ఆ మాట లోపలున్న మస్తానమ్మకి కూడా వినపడలేదు.

ఫరీన్ కసరత్తుల్ని మూడు వారాలు వెనక్కి తీసుకెళ్లింది. చెంచులక్ష్మి మళ్లీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బంతి వేసింది. ఆపైన "మిగిలింది నాయనా" అనాల్సి వచ్చిన రోజున తండ్రి అడక్కముందే అనేది.

టోర్నమెంటు ఫైనల్ రోజు ఫరీన్ ఇచ్చిన అనుమతి ఎనిమిది నిమిషాలు. జడ్సన్ వాటిని రెండు ముక్కలు చేశాడు. రెండో క్వార్టర్లో నాలుగు, చివరి క్వార్టర్లో నాలుగు. మొదటి నాలుగింట్లో చెంచులక్ష్మి మూడు పాయింట్లు వేస్తే, పెంచలయ్య ముందు వరుస చెవులు మూసుకుంది. రెండో విడతలో మరో నాలుగు. రెండు జట్లూ సమానం. ఆట ఇంకా రెండు నిమిషాలుంది. చెంచులక్ష్మి నిమిషాలు మాత్రం అయిపోయాయి.

బంతి బయటికి పోయి ఆట ఆగింది. జడ్సన్ గడియారం చూశాడు, పెంచలయ్య వైపు చూశాడు.

పెంచలయ్య లేచి నిలబడ్డాడు. తొమ్మిది నెలలుగా ట్రే, ట్రే అని ఊరంతా అరిచిన ఆ గొంతే అరిచింది: "ఉంచండి సార్! రెండు నిమిషాల్లో ఏమైపోద్ది!"

చెంచులక్ష్మి ఆ కేక వింది. జడ్సన్ వైపు చెయ్యెత్తి, మార్చమని తనే సైగ చేసింది. తన చోటికి వచ్చిన భానుప్రియ వీపు తట్టి, తండ్రి ముందునుంచి బెంచీ వైపు నడుస్తూ, చెమట తుడుచుకుంటూ అడిగింది.

"ఏంది నాయనా, ట్రే దులపమంటుండావా?"

పెంచలయ్య టక్కున కూర్చున్నాడు.

ఆ రెండు నిమిషాల్లో జట్టు రెండు పాయింట్లతో ఓడిపోయింది. చెంచులక్ష్మి బెంచీ మీద టవలు కొరుకుతూ చివరిదాకా అరిచింది, తండ్రి గొంతుతోనే. పెంచలయ్య పక్కన కూర్చున్న పెద్దమనిషి నిట్టూర్చాడు. "ఆ పొడుగు పిల్లని తీసేయకుంటే గెలిచేవాళ్లు."

"గెలిచేవాళ్లే" అన్నాడు పెంచలయ్య. "ఎవురూ తియ్యలేదయ్యా! దానంతట అదే కూర్చునింది! మా వంశంలో మడమ తిప్పింది అదొక్కటేనయ్యా, నా కూతురు!" కళ్లు తుడుచుకుంటూ స్టేడియం అంతటికీ వినిపించాడు.

మర్నాడు పొద్దున ఆరు. చెంచులక్ష్మి మెట్లు దిగింది. తిన్నగా, ఒక పాదం తర్వాత ఒక పాదం, చెయ్యి గోడ మీద లేదు. పెంచలయ్య అడగలేదు. కేకా వెయ్యలేదు. వంగి, కళ్లజోడు సర్దుకుని, కుట్టు గీత పొడుగునా బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"ఖాళీ నాయనా, నిజ్జంగా" అంది. అని ఆ ఒక్క కాలి మునివేళ్ల మీదే లేచి దిగడం మొదలుపెట్టింది. పెంచలయ్య లెక్కపెట్టాడు. పది దాటాక గొంతు పెరిగింది, ఇరవై దాటాక అవతలి గట్టు వాళ్లు తలలెత్తారు.

"ఇరవై అయిదు! ఇంకేందిమే, రేపట్నించి పది నిమిషాలు!"

"ఫరీన్ అక్క చెప్పినాక" అంది చెంచులక్ష్మి.