ఈల ఊదే ముందు

పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను వేసి ఉంచి, చేత్తో గిన్నెలు తోముతూ, నోటితో గొణుక్కున్న ప్రార్థన దేవుడికి చేరుతుందా అన్న అనుమానం ఆమెకు కాపురానికి వచ్చిన ఏడాదే పుట్టింది. ఎవరినీ అడగలేదు. అడిగితే చేరదంటారేమోనని భయం. చేరకపోతే ఇన్నేళ్ళ ప్రార్థనలూ ఏ దారిలో జారిపడిపోయినట్టు?

అది ఆమె తల్లి నేర్పిన ప్రార్థన. నిదానంగా ఒకసారి చెప్పుకుంటే సరిగ్గా రెండు నిమిషాలు పడుతుందని తల్లి లెక్క. గడియారం లేని ఆ వంటింట్లో టీ మరగబెట్టినా, గుడ్లు ఉడికించినా ఆ ప్రార్థనతోనే. "మీ అమ్మకి దేవుడూ అదే, గడియారమూ అదే" అని తండ్రి నవ్వేవాడు.

అత్తవారింటికి వచ్చాక ఆ ప్రార్థనకి పరుగు వచ్చింది. ఆమె మొదలుపెట్టడమే తడవు ఎవరో ఒకరు పిలిచేవారు. మొదట్లో ఆపి, పని చూసి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునేది. అలా అయితే పొద్దస్తమానం మొదటి రెండు ముక్కల దగ్గరే ఉండాల్సి వస్తోందని, ఎవరూ పిలవకముందే ముగించడం నేర్చుకుంది. మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వెళ్ళిపోయేవి. ఇంట్లో మిగతా పనులన్నీ కూడా అంతే. చివరికి కూర్చోవడం కూడా. మంచం అంచున సగమే కూర్చునేది, లేవడానికి వీలుగా. అయినా ఆ సగం భర్త కంట పడేది. "మధ్యమధ్యలో కూర్చుంటూనే ఉన్నావుగా, నీకు అలసటేమిటి?" అనేవాడు. కోపంగా కాదు, ఉన్న విషయం చెప్పినట్టే అనేవాడు. అందుకే ఆ మాట ఆమెకి అంత లోతుగా దిగింది. నిజమేనేమో, నేను కూర్చునేదాన్నేనేమో, అనుకునేది.

భర్త బడిలో వ్యాయామం మాస్టారు. ఆడపిల్లలకు దూరపు పరుగు నేర్పుతాడు. ఆయనకి సాయంగా ఉండే టీచరమ్మ కాన్పుకి సెలవు పెట్టింది. పెద్ద పోటీలు దగ్గరకొచ్చాయి.

"రేపట్నుంచి నువ్వు గ్రౌండుకి రా" అన్నాడు రాత్రి భోంచేస్తూ. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా. ఈల ఊదడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు."

ఖాళీగా ఉండే ఆ మనిషి మర్నాటి నుంచి ఇంకాస్త పెందరాళే లేచి, వంట ముగించి, అత్తగారికి టీ ఇచ్చి, భర్త వెనకాల మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

అక్కడి పద్ధతి ఇది. పిల్లలు మైదానం చుట్టూ ఒక చుట్టు శక్తికొద్దీ పరుగెత్తాలి. తర్వాత రెండు నిమిషాలు మెల్లగా నడుస్తూ ఊపిరి తీసుకోవాలి. ఈల పడగానే మళ్ళీ పరుగు. అలా ఆరు చుట్లు. భర్త అవతలి మలుపు దగ్గర నిలబడి పిల్లల కాళ్ళూ చేతులూ ఎలా కదులుతున్నాయో చూసేవాడు. ఆమె ఇవతల గీత దగ్గర వాచీ చూసి ఈల ఊదాలి.

"జాగ్రత్త. మిక్సీలాగా దీన్నీ తగలెయ్యకు" అంటూ స్టాప్‌వాచీ చేతికిచ్చాడు. మిక్సీ కాలిపోయి ఆరేళ్ళయింది.

మూడో రోజున వాచీ దానంతటదే ఆగిపోయింది. ఆమె విదిలించింది, చెవి దగ్గర పెట్టుకుంది, కొంగుతో తుడిచింది. ఉలుకూ పలుకూ లేదు. మలుపు దగ్గర నిలబడ్డ భర్త వైపు చూసింది. చెబితే, మిక్సీ పక్కన ఇది కూడా చేరుతుంది. ఇంకో ఆరేళ్ళు వినాలి. అప్పుడు గుర్తొచ్చింది తల్లి గడియారం. పెదాలు కదలకుండా ప్రార్థన ఒకసారి చెప్పుకుని ఈల ఊదింది. పిల్లలు పరుగెత్తారు. దేవుడే దారి చూపించాడనుకుంది.

మూడు వారాలు గడిచేసరికి పిల్లలు వాడిపోయారు. మొదటి రెండు చుట్లూ బాణాల్లా వెళ్ళేవాళ్ళు నాలుగో చుట్టుకి కాళ్ళీడ్చేవాళ్ళు. అందరిలోకీ ఎక్కువ డీలా పడింది వాళ్ళమ్మాయే. పదిహేనేళ్ళ పిల్ల, గెంతుతూ పరుగెడుతుందని తండ్రి మిడత అని పిలుస్తాడు. ఇంటికి రాగానే చెప్పులతోనే నేల మీద వాలిపోయేది. పోటీకి ఇద్దరినే పంపించాలి. ఒక చోటు పొడుగుకాళ్ళ అమ్మాయిది. రెండోది నిన్నమొన్నటిదాకా మిడతదే.

"శనివారం ఆఖరు పరీక్ష" అన్నాడు తండ్రి. "అప్పుడు కూడా ఇలాగే నడిస్తే ఇంకొకర్ని తీసుకెళ్తా. నా కూతురని చోటివ్వను. బద్ధకం, ఇంకేం కాదు."

"బద్ధకం కాదు నాన్నా. కాళ్ళు మండిపోతున్నాయి."

"రెండేసి నిమిషాలు ఆగుతున్నారుగా? మధ్యమధ్యలో ఆగుతూ కూడా అలసటంటే ఎలా?"

ఆ మాట వింటూ తల్లి అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాట తనకి తెలిసినదే. కూతురికి కూడా అది దిగుతుంటే చూడటమే కొత్త.

శనివారం నాడు మలుపు దగ్గర తడిగా ఉండి భర్త ఇవతలికే వచ్చి, గీత దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. మొదటి చుట్టు అయింది. ఆమె ప్రార్థన చెప్పుకుని ఈల నోట పెట్టుకుంది.

"ఏయ్, ఆగాగు. అప్పుడే ఏమిటి?"

"రెండు నిమిషాలయిందండీ."

"ఏదీ, వాచీ చూపించు."

ఆమె చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి, బొత్తాం నొక్కి చూశాడు. "ఇది చచ్చిపోయింది! ఎప్పట్నుంచి?"

"మూడో రోజు నుంచీ."

"మరి ఇన్నాళ్ళూ ఏం చూసి ఊదావు?"

"ప్రార్థన చెప్పుకుని ఊదాను. మా అమ్మది. రెండు నిమిషాలు సరిగ్గా పడుతుంది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. తన చేతి గడియారం ముందుకు పట్టుకున్నాడు. "చెప్పు. పైకి చెప్పు, వింటాను."

సిగ్గుపడుతూనే చెప్పింది, రోజూ చెప్పుకున్నట్టే. అయిపోయాక ఆయన గడియారంలోకి చూశాడు.

"నిమిషం కూడా కాలేదు" అన్నాడు. "అంత గబగబానా? నిన్నెవరు తరుముతున్నారు?"

ఎవరూ తరమడం లేదని చెప్పబోయింది. ఇరవై ఏళ్ళుగా వెనక నుంచి వినిపించే అడుగుల చప్పుడు ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కనిపిస్తుందనిపించింది.

"ఇంట్లో దీనికంటే నెమ్మదిగా చెప్పుకునే తీరిక నాకెప్పుడుందండీ?" అంది. గొంతు పెంచలేదు. అయినా పిల్లల నవ్వు ఆగిపోయింది.

భర్త పిల్లల వైపు తిరిగాడు. మాస్టారి గొంతు తెచ్చుకున్నాడు.

"వినండి. తప్పు మీది కాదు. మీకు సగం విరామమే దొరికింది. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరంలో దాచుకున్న సత్తువ ఖర్చయిపోతుంది. మధ్యలో ఆగితే రక్తం ఊపిరిని మోసుకొచ్చి దాన్ని మళ్ళీ నింపుతుంది. నిండితేనే తర్వాతి చుట్టు కూడా అంతే వేగంగా పరుగెత్తగలరు. అలా మళ్ళీమళ్ళీ పరుగెత్తితేనే గుండె గట్టిపడుతుంది, దూరం తట్టుకునే శక్తి వస్తుంది. కండరం బలపడేది కూడా పరుగెత్తేటప్పుడు కాదు. తర్వాత, తిని, నిద్రపోయినప్పుడు. ఆ విరామం తగ్గించేస్తే శరీరం నేర్చుకునేది ఒక్కటే..." అంటూ ఆగాడు. భార్య వైపు చూడకుండానే ఆగాడు. "అలిసిపోవడం."

ఆ మాట పిల్లలకు చెప్పాడు. చేరింది మాత్రం ఇంకెవరికో, ఆయనకి కూడా.

చేతి గడియారం విప్పి ఇవ్వబోయాడు. ఆమె వద్దంది. "ప్రార్థనతోనే ఊదుతాను. మీరు గడియారం చూస్తూ ఉండండి."

ఈసారి బల్ల మీద కూర్చుంది. అంచున కాదు, వెనక్కి ఆనుకుని. మొదటి మాట పూర్తిగా పలికాక రెండో మాటకి వెళ్ళింది. సగం దాటాక ఇన్నేళ్ళుగా మింగేస్తున్న ఒక మాట నోట్లో విడిగా తగిలింది. 'అలసిన వారిని ఒడి చేర్చుకో' అని దాని అర్థం. ఇది కూడా ఇందులోనే ఉందా అని ఆశ్చర్యపోయింది. నేను వదిలేసిన మాటలు కూడా దేవుడు విన్నాడేమో, వినేవాడికి నా తొందర సంగతి తెలియదా, అనుకుంది. ఎదురుగా పిల్లల భుజాలు ఎగిసిపడటం తగ్గింది, మొహాల్లో ఎరుపు దిగింది. మిడత నడుస్తూ నడుస్తూ పొడుగుకాళ్ళ అమ్మాయితో ఏదో జోకు వేసింది. ఈల పడింది.

ఆరో చుట్టు కూడా మిడత గెంతుతూనే వచ్చింది. తండ్రి గడియారం చూసుకుని, "వీళ్ళిద్దరే వెళ్తారు" అన్నాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు ఎప్పటిలాగే గోడకి ఆనుకుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. రెండు బట్టలకి ఒకసారి తల వాలిపోతోంది. వీధిలో చప్పుడైతే ఉలిక్కిపడి, "నేనేం నిద్రపోలేదు" అంటోంది, ఎవరూ అడక్కపోయినా. ఈ డెబ్భై ఏళ్ళ మనిషిని పగలు పడుకోగా ఎప్పుడూ చూడలేదని కోడలికి ఇవాళే తట్టింది. ఈమె వెనకాల కూడా అవే అడుగులు కాబోలు.

అయినా ఒక పూట నిద్ర కావాలని ఈమె ఒకసారి అడిగింది కూడా, నవ్వులాటలాగా. మిడత పుట్టిన కొత్తలో రాత్రింబవళ్ళు ఏడ్చేది. ఒక మధ్యాహ్నం అత్తగారు పసిదాన్ని భుజానేసుకుని, కోడల్ని గదిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరకి వేసి, గడప మీద కూర్చుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలకి, కొడుకుకి కూడా "కోడలు ఇంట్లో లేదు" అని చెప్పి పంపించేసింది. దీపాలు పెట్టే వేళకి లేచిన కోడలితో, "ఇదిగో, ఒక పూట నిద్ర బాకీ పడ్డావు నాకు. ఎప్పుడో ఒకప్పుడు తీర్చాలి సుమా" అని నవ్వింది. పదిహేనేళ్ళుగా ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

కోడలు ఆమె చేతిలోంచి బట్ట తీసుకుంది. "లేవండత్తయ్యా. లోపలికొచ్చి పడుకోండి."

"పట్టపగలు పడకేమిటే? ఎవరైనా వస్తే?"

"మీరు ఇంట్లో లేరని చెప్తాను."

ముసలామె ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. తర్వాత చిన్నపిల్లలా లేచి వెళ్ళి పడుకుంది. కోడలు దుప్పటి కప్పి, తలుపు దగ్గరకి వేసి, గడప మీద కూర్చుంది. చేతుల్లో ఏ పనీ లేదు.

కాసేపటికి భర్త వచ్చాడు. "అమ్మేది? టీ పెట్టమందామంటే..."

"అత్తయ్య ఇంట్లో లేరు."

తలుపు అవతల నుంచి సన్నగా గురక వినిపించింది. ఆయన తలుపు వంక చూశాడు, గడప మీద వెనక్కి ఆనుకుని కూర్చున్న భార్య వంక చూశాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"మరి ఎప్పుడొస్తుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నిద్ర తీరాక" అంది ఆమె.