నెలకు మూడు అర్జంట్లు

ఫోన్ కంపెనీలో నా పని నియమాల భాష తయారు చేయడం. తమ ఫోన్‌కు ఎవరి కాల్ కలపాలో, ఎవరిది కలపకూడదో జనమే మామూలు మాటల్లో రాసుకుంటారు. యంత్రం దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. కలపని ప్రతి కాల్‌కూ కారణం చెప్పి తీరాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. అవతలివాళ్ళ నియమాన్ని ఫోన్ చేసినవాళ్ళకు చదివి వినిపిస్తుంది. అబద్ధాలు చెప్పే ఫోన్లంటే నాకు ఒళ్ళుమంట.

మొట్టమొదటి నియమం మా ఆవిడ మీదే రాశాను. ఆమె ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. 'ఆఫీసు వేళల్లో మా ఆవిడ చేస్తే కలపొద్దు. అర్జంటు అంటే కలుపు. అర్జంట్లు నెలకు మూడే.'

మా సెక్షన్లో తప్పులు పట్టే పెద్దావిడను అందరం కామా గారంటాం. ఆవిడ అది చదివి కళ్ళజోడు తీశారు.

"నాలుగోది నిజంగా అర్జంటైతే?"

"నెలకు నాలుగు అర్జంట్లు వచ్చే ఇల్లయితే ఈపాటికి సన్యాసం పుచ్చుకునేవాణ్ణండీ," అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మా ఆవిడకు అప్పుడు ఐదో నెల. ఆ నెల మొదటి అర్జంటు గీజర్‌లోంచి పొగ వచ్చినందుకు వాడింది. రెండోది డాక్టరు రమ్మన్న రోజు మారినందుకు. మూడోది నేను వాడించాను.

పన్నెండో తేదీన పైవాళ్ళ ముందు మా భాషను చూపించాలి. సొంత ఇంటి నియమమే చూపిస్తే పేరొస్తుందని ఆశ. పొద్దున బయలుదేరుతూ ఆమెతో చెప్పాను.

"పదకొండున్నరకు ఫోన్ చేసి అర్జంటు అను."

"ఏమిటి అర్జంటు?"

"ఏమీ లేదు, ఊరికే అను."

"లెక్కలోకి వస్తుందేమోనండీ."

"రాదులే," అన్నాను.

రాదని ఎలా అన్నానో నాకే తెలియదు. లెక్కపెట్టే ఆ వాక్యం రాసింది నేను. పదకొండున్నరకు ఫోన్ మోగింది, హాలంతా చప్పట్లు కొట్టారు, పైవాళ్ళలో పెద్దాయన నా భుజం తట్టారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇరవై ఆరో తేదీ మధ్యాహ్నం ఆమెకు కడుపులో నొప్పి మొదలై రక్తం కనిపించింది. నేను పది నిమిషాల దూరంలో, ఇంకో నియమం గురించి వాదిస్తూ కూర్చున్నాను. ఆమె ఆరుసార్లు చేసింది. 'అర్జంట్లు నెలకు మూడే. ఈ నెలవి అయిపోయాయి. దయచేసి ఒకటో తేదీ తరవాత ప్రయత్నించండి.' ఆరుసార్లూ అదే మర్యాద. ముందు అంబులెన్సుకు చేయాల్సిందని తరవాత ఎవరో అన్నారు. మొగుడు పది నిమిషాల దూరంలో ఉన్నప్పుడు ఎవరికైనా మొదట మొగుడే గుర్తొస్తాడు. చివరికి రెండంతస్తులు రెయిలింగు పట్టుకుని దిగింది. కింద గడియారాలు బాగుచేసే ఆయన టాక్సీలో తీసుకెళ్ళాడు.

బిడ్డ దక్కలేదు. అరగంట ముందు తెచ్చి ఉంటే దక్కేదేమో, చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ 'ఏమో' ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఆసుపత్రి మంచం మీద మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"లెక్కలోకి రాదన్నారుగా?"

ఆ రోజే నా నియమం చెరిపేశాను. కంపెనీ విచారణలో 'అంతా నియమం ప్రకారమే జరిగింది' అని రాశారు. అది నిజమే కావడం నా ఖర్మ.

ఇంట్లో ఆమె మామూలుగానే ఉంటుంది. అన్నం పెడుతుంది, కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడుందో చెబుతుంది. రెండు నెలలైనా మొహం చూసి క్షమించమని అడగలేక, నిన్న ఆఫీసు నుంచి ఫోన్లో అడుగుదామని చేశాను. వాక్యం కాగితం మీద రాసి పెట్టుకున్నాను కూడా.

నేను పెట్టించిన గొంతే పలికింది. 'మా ఆయన చేస్తే కలపొద్దు. అర్జంటు అన్నా కలపొద్దు.'

ఎవరి నియమాన్నయినా తీసేసే అధికారం నాకుంది. తెర మీద తెరిచాను. నా వెనక నుంచి కామా గారు వంగి చూశారు. ఎవరిదో ఆవిడకు తెలియదు.

"ఎవరో గానీ చక్కగా రాశారు. ఒక్క తప్పు లేదు," అన్నారు.

మూసేశాను.

ఇంటికి వెళ్ళేసరికి బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుతోంది. కాగితం నా జేబులోనే ఉంది.

"ఇవాళ నీకు ఫోన్ చేశాను," అన్నాను.

తల ఎత్తలేదు. "అర్జంటా?"

"కాదు. ఊరికే."

"అయితే పర్లేదు," అని పేజీ తిప్పింది.