రెండుసార్లు ఆపిన రిపోర్టు

సాయంత్రం ఐదింటిలోగా అక్క ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. స్వచ్ఛంద పదవీ విరమణ. ఇరవై రెండేళ్ళు సిగ్నల్ గదిలో కూర్చుని రైళ్ళను నడిపించిన మనిషి, పోయిన నెలలో ఒక గూడ్సు బండిని తప్పు లైను మీదికి పంపింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత తీసిన స్కానింగులో మెదడు ముందు భాగానికి రక్తం తక్కువగా అందుతోందని తేలింది. మతిమరుపు జబ్బు మొదలైనట్టుందని పై అధికారులు తేల్చేశారు. అక్క ఎదురు చెప్పలేదు. ఆ ఓపిక పోయి రెండేళ్ళయింది.

చెల్లెలు పట్టాల అవతలి ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్. పదకొండింటికి నరాల డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"మీ అక్కగారి ఫైల్లో కాల్షియం గడి ఖాళీగా ఉందేం?"

"శాంపిల్ సరిగ్గా లేదు మేడమ్. మళ్ళీ తీయాలని రాశాం."

"ఎన్నిసార్లు రాశారు?"

చెల్లెలు కంప్యూటర్లో వెతికింది. రెండేళ్ళలో రెండుసార్లు. రెండుసార్లూ కాల్షియం ఎక్కువే. రెండుసార్లూ రిపోర్టు ఆపింది తనే.

అది ఆ ల్యాబు అలవాటు. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టిన రబ్బరు పట్టీని ఎక్కువసేపు ఉంచేస్తే కాల్షియం కాస్త పెరిగినట్టు చూపిస్తుంది. అందుకే అంకె పెరిగితే చాలు, పట్టీ మీదికి నెట్టేసి మనిషిని మళ్ళీ రమ్మంటారు. రెండుసార్లూ పిలిస్తే అక్క రాలేదు. మెట్లెక్కలేనంది. బద్ధకమని చెల్లెలు వేళాకోళం చేసింది.

ఇప్పుడు ఆమె సూదీ సీసాలూ పట్టుకుని తనే పట్టాలు దాటింది. అక్క స్టేషను విశ్రాంతి గదిలో బల్ల మీద తల వాల్చి ఉంది.

"పట్టీ ఏదే?"

"ఈసారి వద్దు."

"నరం దొరక్కపోతే?"

"దొరికేదాకా పొడుస్తా."

"పొడువు. ఎటూ ఈ చెయ్యి నాది కాదనిపిస్తోంది."

నాలుగింటికి ఫలితాలొచ్చాయి. కాల్షియం అంతకుముందు కంటే ఎక్కువ. దాన్ని అదుపు చేయాల్సిన పారాథైరాయిడ్ హార్మోను ఉండాల్సినదానికి మూడింతలు.

డాక్టరమ్మ అంకెలు రెండుసార్లు చూసింది. "మెడలో థైరాయిడ్ వెనక కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. వాటిలో ఒకటి అదుపు తప్పినా ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి తోడేస్తుంది. నీరసం, మతిమరుపు. కొందరికి మెదడుకు రక్తం అందడం కూడా తగ్గుతుంది. గ్రంథి తీసేస్తే మళ్ళీ మెరుగుపడొచ్చు. మాట మాత్రం ఇవ్వను."

"ఐదింటికి సంతకం పెట్టేస్తోంది మేడమ్."

"అయితే నా దగ్గర నిలబడ్డావేం?"

చెల్లెలు వెళ్ళేసరికి ఐదుకు పది నిమిషాలుంది. కాగితం బల్ల మీదుంది. అక్క కలం మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తోంది.

"అక్కా, ఆగు. నీది మెదడు జబ్బు కాకపోవచ్చు. మెడలో గ్రంథిది. ఆపరేషన్ ఉంది."

"ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదా?"

పట్టీ మీదికి నెట్టేయడం తేలికే. ఈసారి చెల్లెలికి చేతగాలేదు.

"రెండేళ్ళ కిందటే రక్తంలో కనిపించింది. నేనే ఆపేశాను. పట్టీ తప్పనుకున్నాను. రెండుసార్లు."

అక్కకు కోపం వచ్చినట్టే వచ్చి, దారిలోనే అలిసిపోయింది.

"సెలవు చీటీ రాయి. ఆపరేషన్ కోసమని రాయి," అంది. విరమణ కాగితాన్ని పక్కకు నెట్టింది. "నాకు తలలో వాక్యం నిలబడదు. సంతకం మాత్రం నేనే పెడతా."

చెల్లెలు కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

"ఒళ్ళు బాగయ్యాక నీతో పోట్లాడతానే," అంది అక్క మళ్ళీ తల వాలుస్తూ. "ఇప్పుడు ఓపిక లేదు."