ఒక్క వేలు

పెళ్లయి నెల తిరగని రూపాలికి అత్తవారుండే దాజీ పేట్‌లో ప్రతిదీ ముచ్చటే. ఆ పొద్దున మాత్రం ఆమె చూపంతా ఆడబిడ్డ కాజల్ ఫోన్ మీదే ఉంది. పుణె కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు వచ్చేదీ రానిదీ పది గంటలకు తేలుతుంది. రాకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే చదువుతానని కాజల్ పంతం.

పది కాగానే కాజల్ ఫోన్ తిప్పి చూపించింది. మొదట కోరుకున్న సీటే వచ్చింది.

రూపాలి చెప్పులైనా వేసుకోకుండా ఇంటి వెనక కార్ఖానాకు పరుగెత్తింది. అక్కడ సాంచలనే మరమగ్గాల హోరులో ఆమె కేక మామ అంబాదాస్‌కు వినపడలేదు. మొదటిదే వచ్చిందని ఒక వేలెత్తి చూపింది.

ఆయన టక్కున మగ్గం ఆపి పడుగు మీదికి వంగాడు.

"పోగు ఏడ తెగింది బిడ్డా?"

"పోగు తెగలే మామా. కాజల్‌కు పుణెల సీటొచ్చింది, కంప్యూటరే."

"ఖరేనా, నిజంగనా? మరి ఒక్క వేలెత్తితే సాంచ బంద్ చేయమనే గదా ఈడ."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పక్క మగ్గం నడిపే అతనికీ కబురు చెప్పాలని దగ్గరికి వెళ్లి, తానూ ఒక వేలెత్తాడు. ఆ మగ్గమూ ఆగింది. రూపాలి నవ్వుకుంటూ, వేలెత్తి రెండో వరుసలోకి పరుగెత్తింది.