అడుగున గీసిన గీత

ఇంజన్ బ్లాకు కడగడమూ గిన్నెలు తోమడం లాంటిదే, సబ్బు బదులు కిరసనాయిలు, అంతే తేడా. ఇంట్లో గిన్నెలు తోమి, షెడ్డులో బ్లాకులు తోమి, ఇంటికెళ్లి మళ్లీ గిన్నెలు తోముతుంది ఆమె. "వంట చేసే చేతులకి ఈ కిరసనాయిలు కంపేమిటమ్మా, ముద్ద దిగొద్దూ?" అంటుంది అత్తగారు. ముద్ద మాత్రం శుభ్రంగా దిగుతూనే ఉంటుంది.

పాత కార్లను పందేలకు తయారుచేసే షెడ్డు అది. బోర్డు మీద భర్త పేరు. కారుకి జోరు రావాలంటే బ్లాకులోని సిలిండర్లను లోపల తొలిచి పెద్దవి చెయ్యాలి. తొలిచేకొద్దీ గోడ పలచబడుతుంది. ఇదివరకే తొలిచినదాన్ని మళ్లీ తొలిస్తే నడిదారిలో పగిలి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే కిటుకంతా బ్లాకు ఎంచడంలోనే ఉంది. ఆమె కడిగి, కొలిచి, చిన్న సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటుంది. ఖంగుమంటే మంచిది, పగిలిన కుండలా పలికితే బీట ఉన్నట్టు. మంచిదాని అడుగున, ఎవరి కంటా పడని చోట, సుద్దముక్కతో గీత గీస్తుంది. కొనేవాళ్లు వచ్చాక భర్త బ్లాకుని ఓరగా ఎత్తి, గీత చూసుకుని, ఉత్తుత్తి దెబ్బొకటి వేసి, కళ్లు మూసుకుని "ఇదండీ!" అంటాడు. "దేవుడిచ్చిన చెవి గురువుగారూ మీది!" అంటారు వాళ్లు. అప్పటికి ఆమె టీ తెస్తుంది.

"నలుగురిలో నా పరువుంటుంది కదే" అన్నాడు పెళ్లైన కొత్తలో. నిజమే కాబోలు అనుకుంది. ఇప్పుడు షెడ్డు నిండా మనుషులే, ఆమెతో ఒక్క మాట మాట్లాడేవాడు లేడు. ఇనుమే నయం, తడితే పలుకుతుంది. ఇంత ఒంటరిదాన్నవుతానని తెలిస్తే ఆ సుద్దముక్క పట్టేదే కాదు.

మూలన పరదా కింద నాన్న కారుంది. పోతూ పోతూ కూతురికిచ్చి పోయాడు. తనే కట్టి, తనే తోలాలని ఆమె కోరిక. దానికి సరిపడే బ్లాకు, ఒక్కసారీ తొలవనిది, ఇన్నాళ్లకి తుక్కు లోడులో దొరికింది. కడిగినదాన్నే మళ్లీ మళ్లీ కడిగింది. ఆ సంతోషం పట్టలేక అన్నం వడ్డిస్తూ భర్తకి చెప్పేసింది.

"అబ్బో! అయితే రేపు కాంట్రాక్టరుగారికి అంటగడదాం. నీ బండికేం తొందర, ఎలాగూ పడుకునే ఉందిగా. ముసలమ్మవయ్యాక తోలుదువులే."

అత్తగారు పకపకా నవ్వింది. ఆమె ఇద్దరికీ నీళ్లు పోసింది.

మర్నాడు కాంట్రాక్టరుగారి ముందు మూడు బ్లాకులు వరసగా పెట్టారు. భర్త మొదటిది ఎత్తి చూశాడు, గీత లేదు. రెండోది ఎత్తాడు, లేదు. మూడోదానికీ లేదు. సుత్తితో ఒకదాన్ని తట్టి కళ్లు మూసుకుని, ఒక కన్ను తెరిచి ఆమెకేసి చూశాడు.

"ఏమోయ్, సారుకి టీ పట్రా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "ఈ మొదటిదానికి బీటుందండీ, ఊరికే ఇచ్చినా తీసుకోకండి. చివరిది మీకు పనికొస్తుంది, కాస్తే తొలిపించండి."

"మరి నడిమిది?" అన్నాడు కాంట్రాక్టరు, భర్తకేసి చూస్తూ.

భర్త నోరు తెరిచేలోగా ఆమె బొడ్లోంచి సుద్దముక్క తీసింది. నడిమిదాని నెత్తిన, అందరికీ కనబడేట్టు, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: నాది.