పారణనాటి బీరకాయ

ఉషశ్రీకి మొక్కల పిచ్చి. మామూలు పిచ్చి కాదు, బాగా ముదిరిన పిచ్చి. ఆదోనిలో ఎండాకాలం కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో కూడా బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టుకుని పెరట్లోకి మోసుకుపోయేది. ఉగాది దాటితే మల్లెలు, తొలకరి పడితే బెండ, గోరుచిక్కుడు, చలి మొదలైతే చామంతులు, పాలకూర. ఇంతా చేస్తే పెరడు నాలుగు మంచాలు పట్టేంత కూడా ఉండదు. "నేనెక్కడ నిలబడేది? నన్ను కూడా ఒక కుండీలో పెట్టేయ్" అని మొగుడు గురుదత్ ఎగతాళి చేసేవాడు.

మామగారు శ్రీపాదరావు మాత్రం ఒక్కనాడూ ఎగతాళి చేయలేదు. సంస్కృతం మాస్టరుగా రిటైరైన మనిషి. డెబ్బై దాటినా మడి, పూజ, ఏకాదశి ఉపవాసం దేన్నీ వదలనివాడు. పొద్దున పూజకు పూలు కోయడానికి పెరట్లోకి వచ్చి, "ఉషా, నీ నందివర్ధనం మొగ్గ తొడిగింది, చూసినావా?" అని కోడలికంటే ముందు ఆయనే కనిపెట్టేవాడు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. మామా కోడళ్ళు మాట్లాడుకునేదే తక్కువ. ఆ తక్కువలో కూడా సగం మొక్కల ముచ్చటే.

ఈ ఏడు తొలకరికి ఉషశ్రీ ఎమ్మిగనూరులోని పుట్టింటి నుంచి గింజలు తెచ్చి బీరపాదు పెట్టింది. పెట్టిందే గానీ వాన మొహం చాటేసింది. ఆకులు వాడిపోతుంటే పొద్దునా సాయంత్రం చెంబులతో పోసి, తడిగుడ్డ కప్పి, ఆ తీగను బతికించడానికి పడరాని పాట్లు పడింది. చివరికి తీగ మిద్దె మీదికి పాకి మూడే మూడు కాయలు కాసింది. అప్పటికి వాళ్ళింట్లో శాకవ్రతం నడుస్తోంది. చాతుర్మాస్యంలో ఆ మొదటి నెలంతా కూరగాయ అన్నది వంటింటి గడప తొక్కకూడదు. కళ్ళెదుట కాయలు ఊగుతుంటే కోయడానికి లేదు. రోజూ తీగ కింద నిలబడి చూసుకోవడం, మురిసిపోవడం, ఇంతే. "ఉండనీలేమ్మా. ద్వాదశినాడు తొలికాపు స్వామికే పెడదాం" అన్నాడు మామగారు. ఆ మాటకు ఉషశ్రీ పొంగిపోయింది.

శ్రావణ ద్వాదశి రానే వచ్చింది. ముందురోజు ఏకాదశి, మంచినీళ్ళు కూడా లేని ఉపవాసం. ద్వాదశి పొద్దున్నే ఆ ఉపవాసం విడవాలి, దాన్నే పారణ అంటారు. గురుదత్ ఆరాధన ఏర్పాట్లకని మంత్రాలయంలో ఉండిపోయాడు. ఇంట్లో వీళ్ళిద్దరే. ఉషశ్రీ తలస్నానం చేసి, తడిచీరతోనే కాయలు కోసి, బీరకాయ పెసరపప్పు వండింది. బీరకాయ తరిగితే ఎవరైనా ఒక ముక్క నాలిక మీద వేసుకుని చేదేమో చూస్తారు. ఆ ఇంట్లో అట్లా కుదరదు. స్వామికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలి. రుచి సంగతి వదిలేయండి, వాసన చూడడం కూడా తప్పే.

నైవేద్యమయ్యాక శ్రీపాదరావు ఆకు ముందు కూర్చున్నాడు. పారణ ముగిసేదాకా ఆయన నోరు తెరిచి మాట్లాడడు. ఉషశ్రీ వడ్డించి ఎదురుగా నిలబడింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆగాడు.

"బాగుందా మామా?" అని ఆత్రంగా అడిగింది.

ఆయన తలూపాడు. ఆ తల ఊపడం చూసి పిచ్చితల్లి ఇంకో గరిటె వేసింది. అడ్డం పెట్టబోయిన చెయ్యిని ఆయన మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ప్రసాదం ఆకులో వదలకూడదు కదా, అంతా ఊడ్చి తిని లేచాడు.

తర్వాత ఉషశ్రీ తన ఆకు వేసుకుంది. ఒక్క ముద్ద, అంతే.

చేదు! కాకర చేదు కాదు, వేప చేదూ కాదు. నాలిక మీద పడగానే లేచింది. పెరట్లోకి పరుగెత్తి తూము దగ్గర ఉమ్మేసింది. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. హొళగుందలో ఆమె మేనత్త ఉమాదేవి, షుగరు తగ్గుతుందని ఎవరో చెబితే ఇట్లాగే చేదెక్కిన సొరకాయ రసం కళ్ళు మూసుకుని తాగేసింది. రక్తం కక్కుకుంది. బళ్ళారి తీసుకుపోయినా మనిషి దక్కలేదు. అయ్యో దేవుడా, రెండోసారి అడగకుండా వేసింది నేనే కదా అనుకుంది ఉషశ్రీ.

లోపలికి పరుగెత్తింది. శ్రీపాదరావు గోడకు ఆనుకుని జపం చేసుకుంటున్నాడు.

"మామా, ఎట్లుంది మీకు? కూర చేదుంది మామా! చెప్పలేదేం?"

"బీరకు కొంచెం చిరుచేదు ఉంటుందిలే. పో, నువ్వు తిను."

అని ఆయన జపమాల తిప్పబోయాడు. వేళ్ళు తిరగలేదు. ముఖం పాలిపోయింది. ఉన్నట్టుండి లేచి, తూలుతూ పెరటి గుమ్మం దాకా పోయి వాంతి చేసుకున్నాడు. ఇంకోసారి. ఇంకోసారి. ఉషశ్రీ వీపు నిమురుతుంటే ఆ ఒళ్ళు వణకడం ఆమె అరచేతికి తెలుస్తోంది. మజ్జిగ ఇద్దామా అంటే అదీ లేదు, శాకవ్రతం ముగిసిన రోజే పెరుగు మానే వ్రతం మొదలు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించింది. అవి కడుపులో నిలవలేదు.

"లేయండి మామా, ఆస్పత్రికి పోదాం."

"ఆస్పత్రి ఏంటికమ్మా? ఉపవాసం ఉన్న కడుపు, తిప్పింది. కాసేపు పడుకుంటే సరిపోతుంది."

"ఉపవాసం కాదు, ఆ కాయ! అది విషం మామా!"

"ఉషా!" ఆ గొంతులో ఇంకా మాస్టరు ఉన్నాడు. "ఆ మాట అనొద్దు. స్వామికి పెట్టినది. స్వామి ఆరగించినది విషం ఎట్లయితాది? డాక్టరు దగ్గరికి పోయి, ప్రసాదం తిని పాడైనానని చెప్పాల్నా నేను? చచ్చినా చెప్పను."

ఇక అంతే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఉషశ్రీ గురుదత్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. గుడి లోపల ఫోను సంచిలో పడేసి ఉంటాడు మహానుభావుడు! బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ముసలాయన కదలడే! ఇంతలో మరో వాంతి వచ్చింది. ఈసారి అందులో ఎర్రటి జీర కనిపించింది.

ఉషశ్రీ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన పాదం ముట్టుకుని చూస్తే నీళ్ళకుండలా చల్లగా ఉంది. మేనత్తకూ ఇట్లాగే కాళ్ళు చల్లబడ్డాయని అమ్మ చెప్పింది. నా చేతులతో పెంచి, నా చేతులతో వండి, నా చేతులతో పెట్టి చంపేస్తున్నాను అనుకుంది. భయానికి ఏడుపు కూడా ఆగిపోయింది. ఈ మనిషిని ఎత్తుకుపోవడం తన వల్ల కాదు. వేరేవాళ్ళను పిలుచుకొచ్చినా, మడిలో ఉన్నాను ముట్టుకోవద్దని మొండికేస్తాడు. ఆయనంతట ఆయన సరే అనాలి. ఎట్లా అనిపించేది?

వంటింట్లోకి పోయింది. తన ఆకు అలాగే ఉంది. అన్నం, కూర, ఒక్క ముద్ద తప్ప అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే. ఆకు రెండు చేతులతో ఎత్తి తెచ్చి మామగారి ముందు నేల మీద పెట్టి, మఠం వేసుకుని కూర్చుంది.

"ఇటు చూడండి మామా. ఇది విషం కాదంటిరి కదా. ప్రసాదం వదలకూడదని నేర్పింది కూడా మీరే. నేను ఆకులో వదిలేసి లేచినాను, తప్పు నాది. ఇప్పుడు తింటాను."

ఆయన కళ్ళు తెరిచాడు.

బెదిరింపో, నిజమో ఆ క్షణంలో ఉషశ్రీకే తెలియదు. అయినా పెద్ద ముద్ద కలిపింది. ఇది లోపలికి పోతే ఏమవుతుందో తెలుసు. తెలిసే ఎత్తింది. ముద్ద పెదాలకు తాకింది.

"వద్దు!"

అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో మరి, ఆయన పడుకున్నచోటి నుంచి మీదికి దూకినట్టు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముద్ద జారి నేల మీద పడింది. ఇంకో చేత్తో ఆకును విసిరి అవతలికి తోసేశాడు. ప్రసాదం ఉన్న ఆకును! మెతుకు కింద పడితే కళ్ళకద్దుకునే మనిషి!

"తినొద్దు తల్లీ. అది చేదు. విషమే అది." రొప్పుతున్నాడు. "తొలి ముద్దకే తెలిసింది నాకు."

"తెలిసి ఎందుకు తింటిరి మామా?"

"ఇన్నాళ్ళూ ఆ తీగ కింద నిలబడి చూసుకున్నావు కదమ్మా. బాగుందా అని అడిగితివి. నీ ముఖం చూసినాక చెప్పబుద్ధి కాలేదు."

దేవుడి మీద భక్తితో మొండికేశాడని ఇంతసేపూ అనుకుంది ఉషశ్రీ, పాడు మనసు!

"పోదాం పా," అన్నాడాయన చిన్నగా. "యాడికి పోవాల్నో తీసుకుపో."

ఎదురింటి యేసేపు ఆటో కిరాయికి పోకుండా వాకిట్లోనే ఉండడం ఆ రోజు చేసుకున్న అదృష్టం. ఉషశ్రీ కేక విని పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా పెద్దాయప్పకి? సెయ్యెయ్యనా? మడిలో ఉన్నట్టుండాడే" అని గుమ్మంలోనే ఆగిపోయాడు. "మడీ లేదు, మట్టీ లేదు, పట్టుకో యేసేపూ!" అని ఉషశ్రీ అరిచింది. పెద్దాయన మారు మాట్లాడకుండా యేసేపు మెడ చుట్టూ చెయ్యి వేశాడు. రెండో చెయ్యి మాత్రం కోడలి మణికట్టు వదల్లేదు.

ఆటో మార్కెట్ రోడ్డు మీద పత్తి లారీల వెనక ఇరుక్కుంది. "బిన్నా పోనియ్ యేసేపూ!" అంటే, "రెక్కలున్నాయా అక్కా నా బండికి!" అని వాడు హారను మీద చెయ్యి తీయకుండా సందుల్లోంచి దూర్చాడు. శ్రీపాదరావు తల ఉషశ్రీ భుజం మీద వాలిపోయింది. పలకరిస్తే మొదట ఊ అనేవాడు. ఊరి మధ్యకు వచ్చేసరికి అదీ లేదు. చెయ్యి పట్టు మాత్రం బిగుసుకునే ఉంది. అది పట్టో, కొంకర్లు పోవడమో ఆమెకు అర్థం కాలేదు. ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి ముఖం చిట్లించింది. "చేదు కాయ తిని ఇట్లా వచ్చినవాళ్ళను ఇంతకుముందూ చూసినాను. బీపీ బాగా పడిపోయింది. ఈ వయసులో ఏమీ చెప్పలేనమ్మా, సాయంత్రం దాకా చూడాల." నర్సు సెలైను పెట్టడానికి వచ్చింది. ఎడమచేతిలో నరం దొరకలేదు. రెండుసార్లు పొడిచినా దొరకలేదు. కుడిచెయ్యి కోడలి మణికట్టు మీద ఉంది.

"తాతా, చెయ్యి వదులు. సూది వెయ్యాల" అంది నర్సు. వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పబోయింది, రాలేదు. "అమ్మా, నువ్వన్నా చెప్పు. ఆలస్యమైతాంది."

ఉషశ్రీ వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను తినలేదు మామా. తినను. అంతా పారేస్తాను. మీ మీద ఒట్టు."

ఆయన వేళ్ళు ఒక్కసారిగా వదిలేశాయి. చెయ్యి మంచం మీద ధబ్‌మని పడింది. ఉషశ్రీకి పైప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, నా నోటితో నేనే పంపించేశాను అని గోడ పట్టుకుంది. నర్సు ఆ చేతిలో నరం వెతికి సూది గుచ్చింది.

గుచ్చగానే ముసలాయన ముఖం ముడుచుకుని, "అబ్బా!" అన్నాడు.